టామ్ అండ్ జెర్రీకి డైరెక్టర్ ఎవరు?

కొత్త సినిమా వస్తోందంటే హీరో ఎవరో తెలియగానే మనం అడిగే రెండో ప్రశ్న డైరెక్టర్ ఎవరని. మ్యూజిక్ ఎవరు, మాటలు ఎవరు అని కూడా ఆరా తీస్తాం. టామ్ అండ్ జెర్రీ విషయంలో మాత్రం ఆ ప్రశ్న ఎవరికీ తట్టదు. టీవీలో ఒకదాని వెనక ఒకటి వచ్చేవి, చూస్తూ కూర్చునేవాళ్ళం. ఇప్పటికీ వాటిని ఎపిసోడ్లనే అంటాం. నిజానికి అవి ఎపిసోడ్లు కావు. ఒక్కొక్కటీ థియేటర్లో పెద్ద తెర మీద వేయడానికి 35 ఎం.ఎం. ఫిల్మ్ మీద తీసిన సినిమా. దానికి డైరెక్టర్, సంగీత దర్శకుడు, కథ అల్లినవాళ్ళు, విడుదల తేదీ అన్నీ ఉంటాయి. నిడివి ఒక్కటే తక్కువ, ఆరేడు నిమిషాలు, మహా అయితే తొమ్మిది.

అందుకే వీటి మీద వచ్చే సమీక్షలు “చిన్నతనం గుర్తొచ్చింది, కడుపుబ్బా నవ్వాం” దగ్గరే ఆగిపోతే నాకు మనసొప్పదు. హాలీవుడ్‌లో ఎంతో పకడ్బందీగా జరిగిన పని ఈ చిన్న రీళ్ళలో ఉంది. వాటిని సినిమాలుగా చూసి, సినిమాలుగానే తూచాలి. అలా తూచబోయేసరికి మొదట్లోనే చిక్కులు ఎదురవుతాయి. మన ముందున్నది ఎవరు తీసినది? ఎవరికి చూపించడానికి తీశారు? అసలు మనం చూస్తున్నది వాళ్ళు తీసినట్టే ఉందా? ఇవి తేలకుండా బాగుంది, బాగాలేదు అనడంలో అర్థం లేదు.

హాల్లో కూర్చున్నవాళ్ళ కోసం

1928 నవంబర్ 18న న్యూయార్క్‌లోని కాలనీ థియేటర్లో డిస్నీ ‘స్టీమ్‌బోట్ విల్లీ’ పడింది. బొమ్మలకు శబ్దం అతికినట్టు కుదరడం చూసి జనం వెర్రెత్తిపోయారు. అక్కడి నుంచి 1950ల చివరి దాకా ఉన్న మూడు దశాబ్దాలను కార్టూన్ల స్వర్ణయుగం అంటారు. అప్పట్లో అమెరికాలో టికెట్ కొన్నవాళ్ళకు ఒక్క సినిమానే కాదు, ముందు న్యూస్‌రీలు, ఒక కార్టూన్, కొన్నిచోట్ల ఇంకో చిన్న సినిమా కూడా చూపించేవాళ్ళు. పెద్ద స్టూడియోలు థియేటర్లకు తమ సినిమాలను గంపగుత్తగా అంటగట్టేవి. వాటితో పాటు కార్టూన్లూ వెళ్ళేవి. 1948లో అమెరికా సుప్రీంకోర్టు పారామౌంట్ కేసులో ఆ పద్ధతికి అడ్డుకట్ట వేసింది. థియేటర్ల వాళ్ళకు కార్టూన్ తప్పనిసరి కాకుండా పోయింది, ఖర్చులేమో పెరిగాయి, ఈలోగా టీవీ వచ్చేసింది. టామ్ అండ్ జెర్రీని తీయించిన స్టూడియో ఎం.జి.ఎం. తన కార్టూన్ విభాగాన్ని 1957లో మూసేసింది. పాత కార్టూన్లను మళ్ళీ విడుదల చేసినా దాదాపు కొత్తవాటికొచ్చినంత డబ్బు వస్తోందని లెక్క తేలాక కొత్తవి తీయడం దండగ అనుకున్నారు.

అంటే ఈ కార్టూన్ల ప్రేక్షకులు పిల్లలు మాత్రమే కాదు. సాయంత్రం ఆటకు వచ్చిన పెద్దవాళ్ళు కూడా. యుద్ధానికి వెళ్ళబోయే సైనికులు, రేషన్ కష్టాలు పడుతున్న గృహిణులు, ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన గుమాస్తాలు. జోకులు కూడా వాళ్ళ కోసమే రాసినవి. ఇది తెలియకపోతే కొన్ని సన్నివేశాలు అసలు అర్థమే కావు.

డైరెక్టర్ టెక్స్ ఏవరీ ఎం.జి.ఎం.లో తీసిన ‘మ్యాజికల్ మేస్ట్రో’ (1952) చూడండి. పూచీనీ అనే బుల్‌డాగ్ ఒపేరా గాయకుడు. కచేరీలో తనకూ కాస్త చోటివ్వమని వచ్చిన మెజీషియన్‌ని తన్ని తగలేస్తాడు. ఆ మెజీషియన్ కక్షకొద్దీ ఆర్కెస్ట్రా కండక్టర్ స్థానంలోకి దూరి, చేతికర్ర బదులు మంత్రదండం ఊపుతూ, పాట నడుస్తుండగానే పూచీనీని రకరకాల వేషాల్లోకి మార్చేస్తుంటాడు. ఈ గందరగోళం మధ్యలో తెర అడుగున ఒక వెంట్రుక కదులుతూ కనిపిస్తుంది. ప్రొజెక్టర్ గేటులో ఇరుక్కున్న వెంట్రుకలా అచ్చం అలాగే వణుకుతుంది. పాత థియేటర్లలో సినిమా చూసినవాళ్ళకు ఆ చిరాకు తెలుసు, ఆపరేటర్ మీద అరవాలనిపిస్తుంది. పూచీనీ కూడా కాసేపు ఓపిక పడతాడు. తర్వాత పాట ఆపకుండానే వంగి ఆ వెంట్రుకను పీకి పక్కన పారేస్తాడు.

ఫోన్లో చూస్తే ఇది చమత్కారంగా ఉంటుంది, అంతే. హాల్లో అయితే మూడు వందల మంది ఒకేసారి మోసపోతారు. ఆ మోసం మీద కట్టిన జోక్ ఇది. ఏవరీ ఈ దారిలో చాలా ముందునుంచే ఉన్నాడు. అంతకుముందు వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో ఉండగా తీసిన ‘డాఫీ డక్ అండ్ ఎగ్‌హెడ్’ (1938)లో ప్రేక్షకుల్లోంచి ఎవరో లేచి నిలబడ్డట్టు తెర మీద నీడ పడుతుంది, వేటగాడు ఎగ్‌హెడ్ ఆ నీడను తుపాకీతో కాల్చేస్తాడు. ఏవరీ సినిమాల్ని సమీక్షించేటప్పుడు హాలుని కూడా ఊహించుకోవాలి.

ఒకే పేరు, వేరువేరు చేతులు

ఇక డైరెక్టర్ సంగతి. టామ్ అండ్ జెర్రీని 1940 నుంచి 1958 దాకా విలియం హానా, జోసెఫ్ బార్బెరా తీశారు. మొత్తం 114. కథ, బొమ్మల ఊహ ఎక్కువగా బార్బెరాది, ఏ కదలిక ఎన్ని ఫ్రేములు ఉండాలో లెక్క కట్టింది హానా. దెబ్బ తగిలినప్పుడు టామ్ పెట్టే ఆ గావుకేక కూడా హానా గొంతే. ఎం.జి.ఎం. విభాగం మూతపడ్డాక 1961, 62ల్లో జీన్ డైచ్ చెకోస్లొవేకియాలోని ప్రాగ్ నగరంలో 13 తీశాడు. తర్వాత 1963 నుంచి 67 దాకా చక్ జోన్స్ 34 తీయించాడు. టీవీలో ఈ మూడూ కలగాపులగంగా వచ్చేవి. కొన్నింట్లో శబ్దాలు బావిలోంచి వస్తున్నట్టు ఉండి, టామ్ ఎందుకో తేడాగా కదిలేవాడు, గుర్తుందా? అవి డైచ్‌వి. టామ్ కనుబొమ్మలు దట్టంగా, జెర్రీ కళ్ళూ చెవులూ మరీ పెద్దగా, ముద్దుగా ఉన్నవి జోన్స్‌వి. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి “టామ్ అండ్ జెర్రీ భలే ఉంటుంది” అంటే తీసినవాళ్ళందరికీ అన్యాయమే.

వార్నర్ బ్రదర్స్‌లో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ ఒకే కాలంలో మూడు నాలుగు యూనిట్లు అవే పాత్రలతో వేరువేరుగా సినిమాలు తీసేవి. బగ్స్ బన్నీ అనే కుందేలుని ‘ఎ వైల్డ్ హేర్’ (1940)లో ఒక రూపానికి తెచ్చింది ఏవరీ. వేటగాడు తుపాకీ పట్టుకుని ఎదురుగా ఉంటే కుందేలు క్యారెట్ నములుతూ నింపాదిగా పలకరిస్తుంది. ఆ నింపాదే పాత్ర. ఇంకో డైరెక్టర్ బాబ్ క్లాంపెట్ చేతిలో అదే లోకం రబ్బరులా సాగుతుంది. అతని దగ్గర పనిచేసిన యానిమేటర్ రాడ్ స్క్రిబ్నర్ బొమ్మలు ఎక్కడా కుదురుగా నిలబడవు, పళ్ళు, కళ్ళు, చేతులు అన్నీ ఎటో ఎగిరిపోతుంటాయి. టామ్ అండ్ జెర్రీకి రాకముందు ఇక్కడే పనిచేసిన జోన్స్ దగ్గర బగ్స్ తనంతట తాను ఎవరి జోలికీ పోడు, ఎవరైనా కదిలిస్తేనే యుద్ధానికి దిగుతాడు. డాఫీ డక్ తొలి రోజుల్లో ఒట్టి పిచ్చి బాతు. జోన్స్ ‘రాబిట్ ఫైర్’ (1951) నాటికి వాడు అసూయతో కుళ్ళిపోయే, ఎప్పుడూ ఓడిపోయే మనిషైపోయాడు. నా దృష్టిలో అమెరికన్ కామెడీలోని గొప్ప పాత్రల్లో ఈ రెండో డాఫీ ఒకడు.

మరి డైరెక్టర్ పేరు చూసుకోవడం అంత తేలికైతే ఇంత చిక్కెందుకు? టైటిల్స్ నమ్మడానికి లేదు కాబట్టి. వార్నర్‌లో చాలాకాలం డైరెక్టర్‌కి ‘సూపర్‌విజన్’ అనే వేసేవాళ్ళు. యానిమేటర్లు నలుగురైదుగురు పనిచేసినా వంతులవారీగా ఒక్కరి పేరే పడేది. సెల్స్ అనే పారదర్శకమైన షీట్ల మీద గీతలకు ఇంకు పెట్టి, వెనక రంగులు నింపిన పని ఎక్కువగా ఆడవాళ్ళదే. వేల కొద్దీ సెల్స్, ఒక్క గీత వణికినా తెర మీద తెలిసిపోతుంది. ఆ ఆడవాళ్ళ పేర్లు తెర మీద ఎక్కడా ఉండవు. 1941లో డిస్నీ స్టూడియోలో జరిగిన సమ్మెలో జీతాలతో పాటు తెర మీద పేరు కూడా ఒక డిమాండు. హానా, బార్బెరాల టామ్ అండ్ జెర్రీకి ఏడు ఆస్కార్లు వచ్చాయి. అవార్డు నిర్మాతకు ఇచ్చే ఆనవాయితీ కాబట్టి వాటిని అందుకున్నది ఫ్రెడ్ క్వింబీ.

పద్దెనిమిది ఫ్రేములు, పద్నాలుగు ఫ్రేములు

మామూలు సినిమాలో సీను సాగినట్టనిపిస్తే ఎడిటింగ్ టేబుల్ దగ్గర కత్తిరిస్తారు. కార్టూన్లో ఆ వీలు దాదాపు లేదు. సెకనుకు 24 ఫ్రేములు, ఏడు నిమిషాలకు 10,080. గీసిన ప్రతి బొమ్మకూ డబ్బు అవుతుంది కాబట్టి పారేయడానికని ఎవరూ గీయరు. అందువల్ల ఎడిటింగ్ మొత్తం బొమ్మ వేయకముందే, కాగితం మీద, డైరెక్టర్ తలలో జరిగిపోవాలి. ఏ దెబ్బ ఏ ఫ్రేములో తగలాలి, ఆ తర్వాత ఎన్ని ఫ్రేములు ఏమీ జరగకుండా ఉండాలి అన్నది ఎక్స్‌పోజర్ షీట్లలో ముందే రాసి ఉంటుంది. వార్నర్‌లో తర్వాతి రోజుల్లో ఒక్కో కార్టూన్ సుమారు ఆరు నిమిషాలు, అంటే 540 అడుగుల ఫిల్మ్. అటూ ఇటూ పెద్దగా పోకూడదు.

రోడ్ రన్నర్ సినిమాల్లో ఆ పక్షిని తరిమే నక్కలాంటి కొయోటీ కొండ అంచు నుంచి పడే దృశ్యం అందరికీ తెలిసిందే. పైనుంచి చూస్తుంటాం, వాడు చిన్నగా, ఇంకా చిన్నగా అయిపోయి మాయమవుతాడు, ఆ తర్వాత అడుగున దుమ్ము లేస్తుంది. దీని లెక్క వాటిని తీసిన జోన్స్ తన ఆత్మకథలో చెప్పాడు. వాడు కనుమరుగవడానికి 18 ఫ్రేములు. అక్కడి నుంచి నేలను తాకడానికి 14 ఫ్రేములు. ముప్పావు సెకను పడిపోవడం, ఆపైన అర సెకను కన్నా కాస్త ఎక్కువ ఖాళీ. ఆ ఖాళీలో తెర మీద ఏమీ లేదు. మనం మాత్రం ఊపిరి బిగబట్టి ఉంటాం. ఆ పద్నాలుగు ఏ ఏడో అయితే నవ్వే టైము ఉండదు. ముప్పై అయితే వాడి మీద జాలి మొదలవుతుంది. సమీక్షలో “టైమింగ్ అదిరింది” అని రాసేటప్పుడు అది ఎక్కడ అదిరిందో ఆపి, వెనక్కి తిప్పి, ఫ్రేము ఫ్రేము చూసి చెప్పొచ్చు. ఇప్పుడు మన దగ్గర ఆ సౌకర్యం ఉంది, అప్పటి విమర్శకులకు లేదు.

టైమింగుని సంగీతం నుంచి విడదీయలేం. వార్నర్‌లో 1936 నుంచి రెండు దశాబ్దాలకు పైగా సంగీతం కార్ల్ స్టాలింగ్‌ది. స్టూడియోకి సొంత పాటల కంపెనీలు ఉండేవి, అసలు ‘మెర్రీ మెలొడీస్’ మొదలుపెట్టిందే ఆ పాటలకు ప్రచారం కోసం. కాబట్టి అతను వాటిని విచ్చలవిడిగా వాడుకున్నాడు. ఎర్ర డ్రస్సులో అమ్మాయి కనిపిస్తే ‘ది లేడీ ఇన్ రెడ్’ పాట బాణీ వినిపిస్తుంది. ఆనాటి ప్రేక్షకులకు ఆ పాట వచ్చు కాబట్టి అది కూడా ఒక జోకే. మనకది ఒట్టి నేపథ్య సంగీతం. ఎం.జి.ఎం.లో స్కాట్ బ్రాడ్లీ దారి వేరు, పాత పాటల మీద తక్కువ ఆధారపడి, కదలికకు తగ్గట్టు కొత్తగా రాసేవాడు.

ఈ రెండు స్టూడియోల తేడాను పక్కపక్కన పెట్టి చూడటానికి చరిత్రే ఒక అవకాశం ఇచ్చింది. 1946 నవంబర్‌లో వార్నర్ నుంచి ఫ్రిజ్ ఫ్రెలెంగ్ తీసిన ‘రాప్సడీ రాబిట్’ వచ్చింది. 1947 ఏప్రిల్‌లో ఎం.జి.ఎం. నుంచి హానా, బార్బెరాల ‘ది క్యాట్ కాన్‌చర్టో’ వచ్చింది. రెండింట్లోనూ పొడుగు కోటు తొడుక్కున్న జంతువు పియానో కచేరీ చేస్తుంది. రెండింట్లోనూ వాయించేది ఫ్రాంజ్ లిస్ట్ అనే సంగీతకారుడు రాసిన హంగేరియన్ రాప్సడీ నంబర్ 2. రెండింట్లోనూ పియానోలో ఎలుక. కాపీ కొట్టారని రెండు స్టూడియోలూ ఒకదాన్నొకటి ఆడిపోసుకున్నాయి. ఆస్కార్ మాత్రం క్యాట్ కాన్‌చర్టోకి వెళ్ళింది.

కాపీ గొడవ పక్కన పెట్టి వాటిని వెంటవెంటనే చూడండి. బగ్స్ వేదిక మీద ఉన్నా ప్రేక్షకులతోనే మాట్లాడుతున్నట్టు ఉంటాడు. ఎవరో అదే పనిగా దగ్గుతుంటే పిస్తోలు తీసి కాల్చేస్తాడు. మధ్యలో ఫోన్ మోగితే పాట ఆపి ఎత్తి, లిస్ట్ ఎవరో తనకు తెలియదని, రాంగ్ నంబరని చెప్పి పెట్టేస్తాడు. ఎలుక అతనికి వచ్చిన చికాకుల్లో ఒకటి. చివర్లో కష్టమైన భాగాన్ని ఆ ఎలుకే తన బుల్లి పియానో మీద వాయించేసి పరువు తీస్తుంది.

క్యాట్ కాన్‌చర్టోలో ఒక్క మాట లేదు. టామ్ కళ్ళు సగం మూసుకుని, మహా విద్వాంసుడిలా మొదలుపెడతాడు. జెర్రీ పియానో లోపల తీగల్ని కొట్టే హ్యామర్ల మీద పడుకుని ఉంటాడు, మీటలు నొక్కేకొద్దీ ఎగిరెగిరి పడి లేస్తాడు. ఇక అక్కడి నుంచి యుద్ధం. మూత వేళ్ళ మీద పడుతుంది, మీటల మధ్య ఎలుకల బోను వచ్చి చేరుతుంది, ఒకచోట జెర్రీ హ్యామర్ల మీద చిందులేస్తూ శాస్త్రీయ సంగీతాన్ని కాస్తా అప్పటి హిట్ పాటగా మార్చేస్తాడు. టామ్ మాత్రం వాయించడం ఆపలేడు. కుర్చీల్లో పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు, పరువు పోతుంది. బగ్స్ ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపగలడు కాబట్టి అతని సినిమా విడివిడి జోకుల వరస. టామ్‌కి ఆపే వీలు లేదు కాబట్టి లిస్ట్ రాసిన సంగీతమే అతని మెడకు చుట్టుకుంటుంది, అదే స్క్రీన్‌ప్లే. సంగీతం వేగం పెరిగేకొద్దీ అతని టెన్షనూ పెరుగుతుంది. ఆఖర్న టామ్ చొక్కా చిరిగి కుప్పకూలితే స్పాట్‌లైట్ జెర్రీ మీద పడుతుంది. బగ్స్ అంటే నాకెంత ఇష్టమైనా ఈ పోటీలో నా ఓటు టామ్‌కే.

ఏ ప్రింటు చూశారు?

సమీక్షకుడు తప్పక రాయాల్సింది, దాదాపు ఎవరూ రాయనిది, తాను చూసిన ప్రింటు ఏదన్నది. వార్నర్ 1943 నుంచి పాత కార్టూన్లను ‘బ్లూ రిబ్బన్’ పేరుతో మళ్ళీ విడుదల చేసింది. అప్పుడు మొదటి టైటిల్స్ కత్తిరించి కొత్త కార్డు అతికించారు. చాలావాటిలో డైరెక్టర్, రచయిత, యానిమేటర్ల పేర్లు అలా కొట్టుకుపోయాయి. ‘ఎ వైల్డ్ హేర్’కీ ఇది తప్పలేదు. అందులో బగ్స్ వెనకనుంచి వచ్చి వేటగాడు ఎల్మర్ కళ్ళు మూసి, ఎవరో చెప్పుకోమంటాడు. ఎల్మర్ వరసగా అప్పటి హీరోయిన్ల పేర్లు చెబుతాడు. మొదటి ప్రింటులో వాటిలో ఒకటి కారోల్ లొంబార్డ్. 1942 జనవరిలో ఆమె విమాన ప్రమాదంలో చనిపోయింది. మళ్ళీ విడుదల చేసినప్పుడు ఆ పేరు తీసేసి బార్బరా స్టాన్‌విక్ అని డబ్బింగ్ చెప్పించారు. ఎనిమిది నిమిషాల కార్టూన్‌లో ఒకే ఒక్క పేరు, దాని వెనక ఒక చావు. ప్రింటు తెలియకపోతే ఇది తెలియదు.

ఇంకా దారుణాలు జరిగాయి. 1960ల చివర్లో వార్నర్ నలుపు తెలుపు కార్టూన్లను కలర్ టీవీకి అమ్మడం కోసం కొరియాలో చేత్తో మళ్ళీ ట్రేస్ చేయించి రంగులద్దించారు. కదలికలు కుంటుపడ్డాయి, గీతలు మొద్దుబారాయి. వాటిని చూసి ఈ పాత కార్టూన్లలో పస లేదని తేల్చినవాళ్ళు అసలు సినిమానే చూడలేదు. డీవీడీల కాలంలో ఫిల్మ్ మీది గరుకు పోగొట్టడానికి వాడిన సాఫ్ట్‌వేర్ కొన్నిచోట్ల వేగంగా కదిలే బొమ్మ గీతల్ని కూడా మచ్చలనుకుని చెరిపేసింది.

కత్తిరింపుల వెనక

అన్నిటికన్నా కష్టమైన చిక్కు జాతి వివక్ష. టామ్‌ని చీపురుతో తరిమే ఆ పనిమనిషిని మనం ఎక్కువగా కాళ్ళ దాకానే చూశాం, ఆమె ఎవరో మనకు పట్టలేదు. అమెరికన్లకు మాత్రం చూడగానే తెలుస్తుంది. నల్లజాతి ఆడవాళ్ళను ఇంటి చాకిరీకి పుట్టినవాళ్ళుగా చూపించే పాత నాటకాల మూస అది. ‘మామీ టూ షూస్’ అని పిలిచే ఆ పాత్రకు గొంతిచ్చింది నల్లజాతి నటి లిలియన్ రాండోల్ఫ్. 1960ల్లో టీవీ కోసం ఆ గొంతు తీసేసి ఐరిష్ యాసతో జూన్ ఫోరేతో చెప్పించారు, కొన్నింట్లో బొమ్మనే తెల్లమ్మాయిగా మార్చారు. ‘మ్యాజికల్ మేస్ట్రో’లో పూచీనీ వేషాల్లో చైనా వాళ్ళని, నల్లవాళ్ళని వెక్కిరించేవి ఉన్నాయి, టీవీలో వాటికి కత్తెర పడేది. వార్నర్‌వి ఇలాంటివే పదకొండు కార్టూన్లను 1968లో, అప్పటికి వాటి హక్కులున్న యునైటెడ్ ఆర్టిస్ట్స్ పూర్తిగా పక్కన పెట్టేసింది.

ఆ పదకొండులో క్లాంపెట్ ‘కోల్ బ్లాక్ అండ్ డి సెబ్బెన్ డ్వార్ఫ్స్’ (1943) ఒకటి. స్క్రిబ్నర్ పని, జాజ్ సంగీతం, వేగం చూస్తే వార్నర్ తీసిన అత్యంత ఉత్సాహభరితమైన సినిమాల్లో అదొకటి. ఆ ఉత్సాహమంతా నల్లవాళ్ళ ముఖాల్ని వికృతంగా గీయడానికే ఖర్చయింది. ఇలాంటివాటి గురించి రాసేటప్పుడు చాలామంది “ఆ రోజుల్లో అంతే, అప్పట్లో ఎవరూ తప్పనుకోలేదు” అని సర్ది చెబుతారు. అది నిజం కాదు. ఆ సినిమా వచ్చినప్పుడే నల్లజాతి హక్కుల సంఘం ఎన్.ఏ.ఏ.సి.పి. అభ్యంతరం చెప్పింది, ఆపేయమని వార్నర్‌ని అడిగింది. తప్పనుకున్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు, వాళ్ళ మాట వినలేదు, అంతే.

అందుకే కత్తిరించిన ప్రింటు మీద నాకు నమ్మకం లేదు. అది చూసి రాసిన సమీక్ష స్టూడియోని లేని మంచివాడిగా చూపిస్తుంది. పూర్తి ప్రింటు చూసి వివక్షను ఒక చివరి పేరాలోకి నెట్టేయడమూ సరికాదు. ‘కోల్ బ్లాక్’లో వెక్కిరింపు ఒక చోట, పనితనం ఒక చోట విడివిడిగా లేవు, అదే గీత రెండు పనులూ చేస్తుంది. స్క్రిబ్నర్ బొమ్మ ఎందుకంత ప్రాణంతో కదులుతోందో, ఆ కదలిక ఎవరిని ఏం చేసి చూపిస్తోందో రెండూ ఒకే షాటు దగ్గర ఆగి రాయాలి.